బతికున్న ఆల్చిప్పకు 2,300 ఏళ్లు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "బతికున్న ఆల్చిప్పకే రెండువేల ఏళ్లొచ్చాయట, ఇక పాత వస్తువుల వయసు లెక్కగట్టే ఆ కార్బన్ డేటింగ్‌ని ఎలా నమ్మాలిరా?" అన్నావు చూడు, అప్పట్నుంచి నాకు అదే ధ్యాస. ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

నువ్వు విన్నది పుకారు కాదు. అమెరికాలో కీత్, ఆండర్సన్ అనే ఇద్దరు 1963లో సైన్స్ పత్రికలో రాసిన సంగతే. అప్పటి నదుల్లోని గుల్లలు కొలిస్తే 2,300 ఏళ్ల దాకా తేలాయి. కానీ వాళ్లు రాసింది జాగ్రత్త చెప్పడానికిరా! దాన్నే పట్టుకుని ఈ పద్ధతంతా బూటకం అంటుంటే నాకు బాధేస్తుంది.

చెట్టు తన కార్బన్ గాలిలోంచి తీసుకుంటుంది. ఆల్చిప్ప నీళ్లలోంచి, తిండిలోంచి తీసుకుంటుంది. ఆ కార్బన్‌లో కార్బన్-14 అనే రకం రవ్వంత ఉంటుంది, ప్రాణం పోయాక అది తరిగిపోతూ వస్తుంది. సగానికి తగ్గడానికి 5,730 ఏళ్లు. అది ఎంత తక్కువుంటే వయసు అంత ఎక్కువని లెక్క. సున్నపురాయి కోట్ల ఏళ్లనాటిది కాబట్టి అందులో అది బొత్తిగా ఉండదు. ఆ రాయి కరిగి నీళ్లలో కలుస్తుంది, అడుగున కుళ్లిన పాత ఆకుమట్టీ తోడవుతుంది. పాలలో నీళ్లు పోసినట్టే! నూటికి ఒక్క వంతు పాత కార్బన్ కలిస్తే వయసు 80 ఏళ్లు ఎక్కువ చూపిస్తుంది. పాతిక వంతులు కలిస్తే? సరిగ్గా ఆ 2,300 దగ్గరికొస్తుంది. లెక్కేసి చూసుకుని ఎంత సంబరపడ్డానో!

మా అమ్మమ్మ మామిడికాయలు చెక్కిన ఆల్చిప్ప ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది. బండకు రుద్ది చేసిన చిల్లు, దాని అంచు ఇంకా పదునే. లోపలివైపు ముత్యంలా మెరుస్తోంది. కృష్ణలో దొరికింది. పల్నాడులో ఆ నది ఒరుసుకుంటూ పోయేది సున్నపురాతినే కదా, ఇందులో ఎంత రాయి ఉందో అనుకుంటూ తిప్పి తిప్పి చూస్తున్నాను.

మరి సరిదిద్దడమెలా అంటావా? తవ్వకంలో గుల్ల దొరికిన పొయ్యిలోనే కాలిన గింజ దొరికితే రెండూ కొలుస్తారు. గింజలోని కార్బన్ గాలిలోంచి వచ్చిందే కదా, కాబట్టి రెంటికీ మధ్య తేడాయే ఆ నీటి దోషం. లేదంటే ఏ సంవత్సరం ఏరారో రాసిపెట్టిన మ్యూజియం గుల్లలు కొలుస్తారు. అవి అణుబాంబు పరీక్షలకు ముందువై ఉండాలి, ఎందుకంటే ఆ పరీక్షలతో గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. అసలు చిక్కేమిటంటే, ఒక నది తేడా ఇంకో నదికి పనికిరాదు. ఒకే నదిలో కూడా చోటును బట్టి మారుతుంది. అందుకే గుల్ల ఒక్కదాన్నే నమ్మి తేదీ చెప్పేస్తే నేనూ ఒప్పుకోను. గింజ తోడుంటే మాత్రం ఒప్పుకుంటాను.

వేసవిలో రారా. ఈ ఆల్చిప్పతోనే నీకు మామిడికాయ చెక్కు తీసి పెడతాను.

నీ
రఘు