మూడో రోజు మడమ రక్తం ప్రతి బిడ్డకూ తీయాలి

సంపాదకుడు గారికి,

క్యాన్సర్‌ను పసిగట్టే బ్యాక్టీరియా గురించి ఈమధ్య వార్తలు చూస్తున్నాం. పెద్దపేగులోని కణితి డీఎన్‌ఏను గుర్తుపట్టేలా మలిచిన బ్యాక్టీరియాను 2023లో ఎలుకల్లో పరీక్షించి చూపించారు. మంచిదే. అయితే సూక్ష్మజీవితో జబ్బు కనిపెట్టడం కొత్త సంగతేం కాదు. 1960ల మొదట్లోనే అమెరికాలోని బఫెలోలో డాక్టర్ రాబర్ట్ గత్రీ ఆ పని చేశారు.

పసిబిడ్డ మడమ రక్తాన్ని ఫిల్టర్ పేపర్‌కు అద్ది ఆరబెట్టేవారు. అందులోంచి చిన్న బిళ్ల తీసి, బ్యాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా కలిపిన అగర్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) మీద పెట్టేవారు. ఆ బ్యాక్టీరియాను పెరగనివ్వని పదార్థం కూడా అగర్‌లో ఉండేది. రక్తంలో ఫినైల్‌అలనిన్ (ప్రోటీన్లలో ఉండే ఒక పదార్థం, ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుక జబ్బులో ఇది పేరుకుపోతుంది) మితిమీరితే ఆ అడ్డు పనిచేయక, బిళ్ల చుట్టూ తెల్లగా వలయం కట్టేది. ఇక వెంటనే ఆహారం మారిస్తే బిడ్డకు బుద్ధిమాంద్యం తప్పేది. పెద్ద యంత్రాలతో పని లేదు, కాగితం పోస్టులో వెళ్లిపోయేది! 1963లో మసాచుసెట్స్ రాష్ట్రం దీన్ని తప్పనిసరి చేసింది.

ఇప్పుడు బ్యాక్టీరియా బదులు యంత్రాలొచ్చాయి, కాగితం మీది చుక్క మాత్రం మారలేదు. థైరాయిడ్ లోపం లాంటి ఇతర పుట్టుక జబ్బులూ ఆ చుక్కతోనే తెలుస్తాయి. మన దగ్గర ఆ చుక్క తీసేదెవరు? మా మనవరాలు పుట్టిన ఆసుపత్రిలో బీసీజీ వేశారు, పోలియో చుక్కలు వేశారు, మడమ పరీక్ష ఊసే లేదు. అడిగితే బయట ల్యాబ్‌లో చేయించుకోమన్నారు.

హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించిన అధ్యయనం 2004లోనే అచ్చయింది. సుమారు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం తేలింది. దీనికి మందు రోజుకో చిన్న మాత్ర. రెండు వారాల్లోపు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో ఇతర జన్యులోపాల భయమూ ఉంది.

గోవా 2008లోనే ప్రభుత్వ ఖర్చుతో ఈ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాలూ కనీసం థైరాయిడ్ పరీక్షనైనా ప్రతి ప్రభుత్వ ప్రసూతి వార్డులో ఉచితంగా చేయాలి. తల్లిని ఇంటికి పంపేముందే నర్సమ్మ ఆ చుక్క తీయాలి, రిపోర్టు వారంలోపు ఆశా కార్యకర్త ఫోన్‌కు రావాలి. డిశ్చార్జి కార్డులో టీకాల పక్కన దీనికీ ఒక గడి పెట్టించాలి.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, తెనాలి