కాపర్-టీ వేస్తారు సరే, అడిగినప్పుడు తీస్తారా? ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మల్కాజిగిరిలో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం, బాబుకి మూడో ఏడు నడుస్తోంది. ఇంకొకరు కావాలా వద్దా అన్నది నేనూ మా ఆయనా ఇంకా తేల్చుకోలేదు, కావాలనుకున్నా ఇప్పట్లో కాదు. మాత్రలు నాకు పడలేదు, కండోమ్‌తో ప్రతి నెలా తేదీలు లెక్కపెట్టుకునే టెన్షన్ పోలేదు, అందుకని కాపర్-టీ (గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే చిన్న రాగి పరికరం) వేయించుకుందామా అని కొన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను. ఇది మీ ఇంటి సంగతి, నాకెందుకు రాస్తున్నావమ్మా అంటారేమో. ఆ కాపర్-టీని సర్కారు దవాఖానాల్లో ఉచితంగా వేస్తున్నది మీ శాఖే, దాని మీద మాకున్న అనుమానాలు తీర్చే పని కూడా మీ శాఖదే కదా, అందుకని.

ముందే చెప్పేస్తున్నా, నేను కాపర్-టీకి వ్యతిరేకం కాదు. తెలుసుకున్నకొద్దీ మంచి పద్ధతే అనిపించింది. సర్కారులో రెండు రకాలు ఇస్తారు, 380ఏ అయితే పదేళ్లు, 375 అయితే అయిదేళ్లు పనిచేస్తుంది. వేయించుకున్న వందమందిలో మొదటి ఏడాది గర్భం వచ్చేది ఒక్కరికన్నా తక్కువే. తీయించుకుంటే మళ్లీ ఎప్పటిలాగే గర్భం నిలుస్తుంది. మా అత్తమ్మ భయపడుతున్నట్టు అది కడుపులోంచి పాకి గుండెకు పోదు. గర్భసంచికి చిల్లు పడటం అనేది ఉంది, కాకపోతే వెయ్యిమందిలో ఏ ఒకరికో, అదీ చాలావరకు వేసేటప్పుడే. రాగి వీర్యకణాలను పనిచేయనివ్వదు, అంతే, కడుపులో పడ్డ బిడ్డను తీసే మందు కాదు. సుఖవ్యాధుల నుంచి మాత్రం కాపాడదు, దానికి కండోమే దిక్కు. ఇవన్నీ నేను రాత్రిపూట బాబు పడుకున్నాక ఫోన్‌లో చదువుకున్నవి. దవాఖానాలో ఎవరూ చెప్పలేదు.

అడక్క కాదు. మా దగ్గర్లోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడిగాను. టీకాల రోజు, వరండా నిండా పసిపిల్లల ఏడుపులు, ఉన్నది ఒక్క టేబుల్, దాని మీదే బీపీ మిషను, టీకాల డబ్బా, రిజిస్టర్లు. నా వెనక లైనులో జనం నిలబడి ఉండగానే సిస్టర్ అడిగింది.

“ఎంతమంది పిల్లలమ్మా?”

“ఒక్కడే సిస్టర్.”

“ఇంకొకల్ని కని ఆపరేషన్ చేయించుకోరాదు, గీ తిప్పలెందుకు? సరే, మీ ఆయన్ను తోల్కొనిరా, రాసుకుంటా.”

వెనకున్న ఒకామె కిసుక్కున నవ్వింది. నాకు సిస్టర్ మీద కోపం లేదు, నాతో మాట్లాడుతూనే ఒక పిల్లాడి తొడకు సూది వేసింది, వేసి ఫోన్‌లో ఏదో ఎంట్రీ కొట్టుకుంది, ఆమె పని ఆమెకే తలకు మించి ఉంది. కానీ అలాంటి చోట నొప్పి ఎంతుంటుంది, బ్లీడింగ్ ఎక్కువవుతుందా, కలిసినప్పుడు ఇబ్బందవుతుందా అని నేను ఏ నోటితో అడగను? ఇక మా ఆయన్ను తీసుకురమ్మనడం. మా ఆయన వస్తాడు, అదేం పెద్ద విషయం కాదు. రాని మొగుళ్లున్నవాళ్ల సంగతేంటి? కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కే భర్త సంతకం అక్కర్లేదని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది, అబార్షన్‌కు మేజర్ అయిన ఆడమనిషి తన ఒప్పుకోలు ఒక్కటీ ఇస్తే చాలని చట్టంలోనే ఉంది. కాపర్-టీకి మాత్రం ఎందుకు?

నొప్పి గురించి కొంచెం వివరంగానే రాస్తాను, ఏమనుకోకండి, దీన్ని సూటిగా చెప్పేవాళ్లే లేరు. వేసేటప్పుడు గర్భసంచి మూతిని ఒక పరికరంతో పట్టుకుని, లోపల లోతు కొలిచి, సన్నటి గొట్టంలోంచి కాపర్-టీని లోపల విడుస్తారు. కొందరికి పొత్తికడుపు పట్టేసినట్టయి కాసేపటికి సర్దుకుంటుంది. కొందరికి అక్కడే కళ్లు తిరుగుతాయి. మామూలు కాన్పు కానివాళ్లకు నొప్పి ఎక్కువ ఉండే అవకాశం ఉందంటారు, నాది సిజేరియన్, కాబట్టి ఇది నాకు ఊసుపోక అడుగుతున్న ప్రశ్న కాదు. అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, నొప్పి గురించి ముందే మాట్లాడాలని, లిడోకెయిన్‌తో నొప్పి తగ్గే వీలుందని డాక్టర్లకు రాసింది. లిడోకెయిన్ అంటే ఏదో విదేశీ మందు కాదు కదా సార్, మన దవాఖానాల్లో కుట్లు వేసేటప్పుడు ఇచ్చే మత్తుమందే.

వేశాక మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరిలో బ్లీడింగ్, కడుపునొప్పి ఎక్కువవుతాయి. చాలామందికి తర్వాత తగ్గుతాయి, కొందరికి తగ్గవు. ఇక్కడ మన రాష్ట్రం సంగతి గుర్తు చేయాలి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. అసలే రక్తం లేని మనిషికి నెలనెలా ఇంకా ఎక్కువ పోయే పద్ధతి ఇస్తున్నప్పుడు ముందు హిమోగ్లోబిన్ చూడాలి, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టాలి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పాలి. ఆ ఒక్క పరీక్ష సంగతి కూడా నాతో ఎవరూ ఎత్తలేదు.

చెబితే ఆడవాళ్లు బెదిరిపోతారని మీ అధికారులు అనుకుంటుండొచ్చు. చెప్పకపోతే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసింది. 1965లో, కాపర్-టీ కన్నా ముందొచ్చిన ప్లాస్టిక్ లూపును దేశమంతా పెద్ద ఎత్తున మొదలుపెట్టారు, టార్గెట్లు పెట్టి మరీ వేశారు, తర్వాత బ్లీడింగూ నొప్పీ వచ్చినవాళ్లను పట్టించుకునే నాథుడు లేడు. పుకార్లు ఊరూరా పాకాయి, కొన్నేళ్లకే జనం దాని మొహం చూడటం మానేశారు. మా అత్తమ్మ భయం అప్పటిదే, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది.

దాని ఫలితం ఇప్పటికీ లెక్కల్లో కనిపిస్తోంది. అదే సర్వేలో దేశం మొత్తం మీద పెళ్లయిన ఆడవాళ్లలో 37.9 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, లూపో కాపర్-టీయో వాడేవాళ్లు 2.1 శాతం, మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతం (ఈ 0.3 గురించి ఇంకో లేఖ రాయాలి). మన తెలంగాణలో అయితే ఆడవాళ్ల ఆపరేషన్లే 60 శాతం దాటాయి. అంటే మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఇద్దర్ని కనడం, కోయించుకోవడం. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానాలో ఒక్క రోజు క్యాంపులో 34 మందికి ఆపరేషన్లు చేశారు, నలుగురు చనిపోయారు, మిగతావాళ్లను హైదరాబాద్ తెచ్చి చూడాల్సి వచ్చింది. ఆ నలుగురికీ కాపర్-టీ గురించి ఎవరైనా నింపాదిగా చెప్పి ఉంటారా అన్నది నాకు ఇప్పటికీ తొలిచే ప్రశ్న.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వేయించుకోవడానికి నేను వెనకాడుతున్నది నొప్పికి కాదు, బ్లీడింగ్‌కూ కాదు. వద్దనుకున్న రోజు తీస్తారా అన్న అనుమానం.

మా పక్కింటి అక్కకు రెండో కాన్పు ఒక సర్కారు దవాఖానాలో సిజేరియన్ అయింది. అప్పుడే కాపర్-టీ వేశారు, ఆ సంగతి ఆమెకు డిశ్చార్జి రోజు చీటీ మీద రాసిచ్చాక తెలిసింది, ముందు ఏదో కాగితం మీద వాళ్ల ఆడబిడ్డ సంతకం పెట్టిందట. కాన్పప్పుడే వేసేయడం తప్పేమీ కాదు, మాయ పడిన పది నిమిషాల్లోపు గానీ 48 గంటల్లోపు గానీ వేయొచ్చు, మళ్లీ దవాఖానాకు తిరగాల్సిన పని ఉండదు, కడుపుతో ఉన్నప్పుడే అడిగి ఒప్పించి వేస్తే ఎంతో మేలు. నొప్పుల మధ్య ఎవరితోనో సంతకం పెట్టించుకుని కాదు. సరే, నెలసరి మొదలయ్యాక ఆమెకు గడ్డలు గడ్డలుగా బ్లీడింగ్. తీయమని వెళితే ఆరు నెలలు ఓపిక పట్టు, అలవాటవుతుంది అన్నారు. ఆరు నెలల తర్వాత వెళితే డాక్టరమ్మ లీవు. ఇంకోసారి వెళితే ఎక్కడ వేయించుకున్నావో అక్కడికే పో అన్నారు. ఆఖరికి ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు కట్టి తీయించుకుంది, కిందికి వేలాడే దారం పట్టుకుని లాగితే అయిపోయింది, నిమిషాల పని. ఆ అక్క ఇప్పుడు మా సందులో ఎవరు కాపర్-టీ మాటెత్తినా వద్దే వద్దంటుంది. మీ శాఖ గోడల మీద అంటించే పోస్టర్లన్నీ ఆమె ఒక్క మాట ముందు చాలవు.

కాన్పు తర్వాత వేసే కాపర్-టీకి కేంద్రం పథకం కింద తల్లికి 300, వేసినవాళ్లకు 150, తీసుకొచ్చిన ఆశ కార్యకర్తకు 150 రూపాయలు ఇస్తారు. వాళ్ల కష్టానికి ఇవ్వండి, కాదనను. కానీ సమీక్షా సమావేశాల్లో ఎన్ని వేశారు అని అడిగినంత గట్టిగా, ఎన్ని తీశారు, ఎందుకు తీయించుకున్నారు, అడిగినా తీయకుండా ఎంతమందిని తిప్పి పంపారు అని కూడా మీరే అడగండి సార్. తీయమంటే తీయాలి, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. అప్పటిదాకా ఏ సిస్టర్ అయినా సర్దిచెప్పే పంపుతుంది, ఆమెను అడిగేవాళ్లు వేసిన లెక్కే అడుగుతున్నారు మరి.

మిగతావి చిన్న పనులు. వారానికి ఒక పూట, టీకాల రోజు కాకుండా, తలుపు మూసుకుని మాట్లాడే గది ఒకటి ఇప్పించండి. వేసినప్పుడు ఏ రకం వేశారు, ఏ తేదీన వేశారు, ఎప్పటికి తీయించాలి అన్నది కార్డు మీద తెలుగులో, ఉర్దూలో రాసివ్వమనండి, చాలామందికి తమ లోపల ఉన్నది అయిదేళ్లదో పదేళ్లదో తెలియదు. ప్రైవేటులో హార్మోన్ ఉండే రకం ఒకటి దొరుకుతుంది, దానితో బ్లీడింగ్ పెరగకపోగా తగ్గుతుంది, కానీ వేలల్లో ఖర్చు. రక్తం తక్కువున్న మన ఆడవాళ్లకు అసలు కావాల్సింది అదే, దాన్ని బస్తీ మనిషికి అందేలా చూడండి.

వచ్చే నెలసరి అయ్యాక ఆ కేంద్రానికి మళ్లీ వెళదామని ఉంది. అప్పటికి కనీసం ఒకటి చేయించండి, కాపర్-టీ ఏ రోజు తీస్తారు, ఎవరు తీస్తారు, వాళ్లు లీవులో ఉంటే ఎక్కడికి పోవాలి అన్నది గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. అది కనిపిస్తే వేయించుకుంటాను.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక ఓటరు