ట్యాంకు లోపలి గొట్టం మార్చాలి, మీ పికప్ తీసుకురండి

కస్టమర్లందరికీ నమస్కారం.

గత నెల రెండో శనివారం మధ్యాహ్నం ఒక 1969 షెవర్లే సి10 పికప్ టోయింగ్ లారీ మీద డాలస్ పక్కన గార్లండ్‌లోని మా షెడ్డుకు వచ్చింది. దాని పెట్రోలు ట్యాంకును ఏడాదిన్నర క్రితం మేమే క్యాబిన్‌లో సీటు వెనక నుంచి తీసి, వెనక తొట్టి కిందికి మార్చాం. పొద్దున ఇంటి దగ్గర మామూలుగానే స్టార్టయిందట. హైవే ఎక్కి వేగం అందుకునేసరికి ఇంజను తడబడి ఆగిపోయింది. యజమాని గారు ఎలాగో పక్కకు తీసి నిలపగలిగారు. ఆయన పక్క సీట్లో పదేళ్ల కూతురు ఉంది.

గేజ్ పెట్టి చూస్తే 58 పీఎస్ఐ ఉండాల్సిన ఇంధన ప్రెషర్ 20 దగ్గర ఊగుతోంది. ట్యాంకు దించి పంపు బయటికి తీశాం. పంపు బాగానే ఉంది. పంపు మూతిని, పైమూతకున్న స్టీలు గొట్టాన్ని కలిపే నాలుగు అంగుళాల రబ్బరు ముక్క మాత్రం వేలితో నొక్కితే నానిన అటుకుల్లా లోపలికి దిగింది. పైపొర ఉబ్బిపోయి, క్లిప్పు పక్కన నిలువునా చీలింది. చేతికి నల్లటి మడ్డి అంటుకుంది.

ఆ ముక్క పెట్టింది నేనే. తప్పు పూర్తిగా మాది.

ఎందుకలా అయిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలో కొందరి బండ్లలో అదే గొట్టం ఉంది. మేం వాడింది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు తయారయ్యే, ఎస్ఏఈ జె30 ఆర్9 అనే ప్రమాణం గుర్తున్న గొట్టం. ప్రెషర్ తట్టుకుంటుంది, మంచి గొట్టమే. అయితే దాని లోపలి పొర ఒక్కటే పెట్రోలును తట్టుకునే పదార్థంతో చేస్తారు. పైపొర ఎండకు, గాలికి, రాపిడికి తట్టుకోవడానికి ఉద్దేశించినది. ఛాసీ వెంట బయట సాగే లైనుకు అది సరిపోతుంది. ట్యాంకు లోపల గొట్టానికి లోపలా పెట్రోలే, బయటా పెట్రోలే. ఇక్కడి బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ కూడా ఉంటుంది. అందులో నెలల తరబడి మునిగి ఉంటే పైపొర నాని, ఉబ్బి, పట్టు వదిలేస్తుంది. మునిగి ఉండే చోటుకని ఆర్10 గుర్తుతో వేరే గొట్టం వస్తుంది. అడుగు ధర మామూలు గొట్టానికి ఎన్నో రెట్లు. ధర చూసి తగ్గించామని మీరు అనుకోవచ్చు. అది నిజం కాదు, కానీ అసలు నిజం అంతకన్నా మెరుగైనదేమీ కాదు: షెల్ఫు మీద చుట్టలుగా ఉన్న గొట్టం తీసి, పక్కనున్న గుర్తు చదవకుండా కోశాను.

రికార్డులు తీసి చూస్తే ఆ చుట్టలోంచి కోసిన ముక్కలు మొత్తం 11 బండ్లలోకి వెళ్లాయి. అన్నీ పాత ఇంజను తీసి ఎల్ఎస్ అనే కొత్త కాలపు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజను పెట్టించుకున్నవి, పంపు ట్యాంకులోనే ఉన్నవి. ఆ 11 మందికీ ఈ వారంలో ఫోను చేస్తాను. పాత ఇంజనుతో, కార్బురేటర్‌తో, ఇంజను పక్కనే మెకానికల్ పంపుతో నడుస్తున్న బండ్లకు ఈ సమస్య లేదు. వాటి ట్యాంకులో రబ్బరు గొట్టమే లేదు, స్టీలు గొట్టం నేరుగా అడుగుదాకా దిగుతుంది.

గొట్టం చీలినా పెట్రోలు మళ్లీ ట్యాంకులోకే పడుతుంది, రోడ్డు మీద కారదు. కాబట్టి మంటల భయం లేదు. కానీ బండి నడిరోడ్డు మీద ఆగిపోవడం చిన్న విషయం కాదని ఆ పాపను చూశాక నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. స్టార్టు చేసేటప్పుడు మునుపటికన్నా ఎక్కువసేపు తిప్పాల్సి వస్తున్నా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి వెనక్కి లాగుతున్నట్టు అనిపించినా ఇక హైవే ఎక్కవద్దు. నాకు ఫోను చేయండి, టోయింగ్ ఖర్చు మాదే.

గొట్టం, కొత్త ఫిల్టరు, పైమూత గ్యాస్కెట్, పని, అన్నీ ఉచితం. ఒక్కో బండికి ఒక పూర్తి రోజు పడుతుంది. ఈ 11 పూర్తయ్యేదాకా కొత్త ట్యాంకు పనులు ముట్టుకోం. అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్న ఐదుగురికి కనీసం ఆరు వారాలు ఆలస్యమవుతుంది. ఆగలేమనుకుంటే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను, మొహమాటం లేకుండా అడగండి.

ఇంత జరిగాక అసలు ట్యాంకు చోటు మార్చే ఈ పని అవసరమా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అవసరమే అంటాను. 1967 నుంచి 1972 దాకా వచ్చిన సి10లో ట్యాంకు ఎక్కడ ఉంటుందో ఆ బండి కొన్న రోజున చాలామందికి తెలియదు. డ్రైవరు తలుపు వెనక క్యాబిన్ మూలన మూత కనిపిస్తుంది, ట్యాంకు మాత్రం సీటు వీపుకు ఆనుకుని లోపల నిలబడి ఉంటుంది. సుమారు 20 గాలన్లు, అంటే 75 లీటర్ల పెట్రోలు వీపు వెనక పెట్టుకుని కూర్చుంటాం. మలుపు తిరిగితే లోపల పెట్రోలు ఊగే చప్పుడు వినిపిస్తుంది. యాభై ఏళ్ల నాటి రబ్బరు గొట్టాలు, ఎండిన సీళ్లు. జులైలో డాలస్ ఎండకు అద్దాలు మూసి ఉంచిన క్యాబిన్ తలుపు తీస్తే ఆ వాసన మొహానికి కొడుతుంది. ఆ బండిలో పిల్లల్ని ఎక్కించుకునేవాళ్లకు నేను ఇంకో సలహా ఇవ్వలేను.

ఆ కాలానికి అది వింతేమీ కాదు. ఫోర్డ్ ఎఫ్-100లోనూ ట్యాంకు క్యాబిన్‌లోనే ఉండేది. 1973 మోడల్‌తో రెండు కంపెనీలూ దాన్ని క్యాబిన్ బయటికి పంపాయి. అయితే షెవర్లే మాతృసంస్థ జీఎం ఆ ట్యాంకుల్ని ఛాసీ పట్టీల బయట, పక్కల్లో పెట్టింది. పక్క నుంచి ఏదైనా గుద్దితే ట్యాంకుకు అడ్డం బాడీ రేకు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. మంటల ఆరోపణల మీద అమెరికా రహదారి భద్రతా సంస్థ విచారణ జరిపింది. 1994 డిసెంబరులో, భద్రతా కార్యక్రమాలకు జీఎం 5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చే ఒప్పందంతో ఆ విచారణ ముగిసింది. అంతకుముందే 1988 కొత్త మోడల్‌లో ట్యాంకు ఛాసీ పట్టీల మధ్యకు చేరింది. అందుకే "తొట్టి మధ్యలో ఎందుకు, పక్కన బిగించండి, ఎగ్జాస్టు మార్చే ఖర్చు తగ్గుతుంది" అని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ ట్యాంకులు బాగుచేసేవారు. లారీలకు ట్యాంకు ఛాసీ పక్కనే వేలాడుతుంది కదా అని మీలో ఒకరు గుర్తుచేశారు. నిజమే, కానీ అది డీజిలు. మామూలు వేడికి డీజిలు అంటుకునేంత ఆవిరి వదలదు. పెట్రోలు గడ్డకట్టే చలిలో కూడా వదులుతుంది. నిండు ట్యాంకుకన్నా ఖాళీ ట్యాంకుకే ఎక్కువ భయపడాలని నాన్న అనేవారు, ఖాళీ అనుకున్నదాని నిండా ఆవిరి ఉంటుంది కాబట్టి. మీ పాత ట్యాంకుకు మాట్లు వేసి ఇవ్వమంటే కాదనడానికి కారణం అదే. వెల్డింగ్ చేయను, చేయించను.

మేం పెట్టేది వెనక ఇరుసు వెనకాల, రెండు ఛాసీ పట్టీల మధ్య, కంపెనీ స్పేర్ టైరు వేలాడదీసిన చోట. ఎక్కువగా 1973 తరవాతి షెవర్లే బ్లేజర్ ఎస్‌యూవీ కోసం తయారైన ట్యాంకు వాడతాం. అందులో 25 గాలన్లదీ, 31 గాలన్లదీ దొరుకుతాయి. చిన్న బండికి నేను 25 చాలంటాను. రబ్బరు పట్టీ వేసి రెండు ఇనప పట్టాలతో బిగిస్తాం. ఛాసీ అడుగు గీతకన్నా కిందికి వేలాడకూడదు, ఎగ్జాస్టు గొట్టానికి దగ్గరగా ఉంటే మధ్యలో వేడిని ఆపే రేకు ఉండాలి. నిండు ట్యాంకు పెట్రోలు దాదాపు 70 కిలోలు. ఖాళీ పికప్‌కు వెనక భాగం తేలికగా ఉంటుంది కాబట్టి వానలో వెనక చక్రాలకు ఆ బరువు కొంచెం ఆసరా అవుతుంది.

వెనక నుంచి గుద్దితే ఏమిటని అడిగిన వారికి కూడా సూటిగా చెప్పాలి. ఇలా మార్చిన బండికి మేం క్రాష్ టెస్టు చేయలేదు, చేశామని ఎప్పుడూ చెప్పలేదు. ట్యాంకుకు, వెనక అడ్డదూలానికి మధ్య ఖాళీ ఉంచుతాం, బోల్టు మొనలు ట్యాంకు వైపు తిరగకుండా చూస్తాం. వీపు వెనక ఉండటంకన్నా, క్యాబిన్ బయట దూరంగా ఉండటం మేలని నా నమ్మకం. పూచీ ఇవ్వగలిగింది అంతవరకే.

ఇకముందు కొన్ని పద్ధతులు మారతాయి. తొట్టి చెక్క ఫ్లోరులో చిన్న తలుపు పెట్టి అక్కడి నుంచి పెట్రోలు పోసే ఏర్పాటు ఇక చేయను. చూడటానికి అందంగా ఉంటుంది, బయట మూత కనిపించదు. కానీ సామాను వేసినప్పుడల్లా దించి పోయాలి, వాన నీళ్లు మూత చుట్టూ నిలుస్తాయి, కొంచెం ఒలికినా చెక్కల సందుల్లోకి దిగుతుంది. నోరు ట్యాంకుకు సరిగ్గా పైన లేకపోతే గొట్టం మధ్యలో వంగి, ఆ వంపులో పెట్రోలు నిలిచి, బంకులో నాజిల్ పదే పదే టక్కుమని ఆగిపోతుంది. ఇప్పటికే చేయించుకున్నవాళ్లలో నలుగురు ఆ సంగతి చెప్పారు. వాళ్లకు గొట్టం వాలు సరిచేసి, గాలి పోయే గొట్టం కొంచెం పెద్దది వేస్తాను, డబ్బు అక్కరలేదు. కొత్తగా చేసేవాటికి తొట్టి పక్కగోడ నుంచే పోయాలి. క్యాబిన్ మూలనున్న పాత మూత తీయనవసరం లేదు, అలంకారంగా ఉంచుకోవచ్చు. మూసేయమంటే ఆ రంధ్రానికి రేకు వేసి పెయింటు చేస్తాం.

పెట్రోలు మీటరు గురించి ఒక మాట. ట్యాంకు ఖాళీ అయిపోతున్నా ముల్లు 'ఫుల్' దాటి నిలబడిపోతే సంబరపడకండి. 1965 తరవాతి షెవర్లే మీటరు ట్యాంకులో ఫ్లోటు దగ్గర 0 ఓములుంటే ఖాళీ అని, 90 ఉంటే నిండుగా ఉందని చదువుతుంది. ఎర్తు వైరు తెగితే రెసిస్టెన్సు అంతులేకుండా పెరిగి, మీటరు దాన్ని నిండు ట్యాంకు కిందే లెక్కవేస్తుంది. క్యాబిన్‌లో ఉన్నప్పుడు ఆ ఎర్తు క్యాబిన్ రేకు నుంచే దొరికేది. ఇప్పుడు ట్యాంకు రబ్బరు మీద కూర్చుంటుంది, పైగా ఛాసీకి పెయింటు. కాబట్టి విడిగా వైరు వేసి, పెయింటు గీకి, ఛాసీకి బిగించాలి. అది లేకుండా వెళ్లిన బండ్లు రెండు ఉన్నాయని తేలింది, వాటినీ పిలుస్తున్నాం. ఫోర్డ్ మీటరు దీనికి తలకిందులు, 73 ఓములుంటే ఖాళీ, 10 ఉంటే నిండు. ఎఫ్-100 వాళ్లు ట్యాంకు ఏదైనా ఫ్లోటు మాత్రం ఫోర్డ్‌దే పెట్టించుకోవాలి.

ధర కూడా పెరుగుతుంది. ఇంతకుముందు పని అయ్యాక పది నిమిషాలు ఇంజను నడిపి, కింద తడి లేకపోతే తాళాలు ఇచ్చేసేవాళ్లం. ఇప్పుడు రాత్రంతా నిండు ట్యాంకుతో ఉంచి, మర్నాడు హైవే మీద నలభై మైళ్లు తిప్పి, మళ్లీ పైకెత్తి ప్రతి క్లిప్పునూ చూస్తాం. ట్యాంకు లోపల ఏం పెట్టామో దాని గుర్తు కనిపించేలా ఫోటో తీసి బిల్లుతో పాటు ఇస్తాం. అందుకు ఒక రోజు పని ఎక్కువ, ఆ ఒక రోజు కూలీ బిల్లులో కలుస్తుంది. ఇప్పటికే ఒప్పుకున్న ఐదు బండ్లకు పాత ధరే.

తీసుకువచ్చే ముందు పెట్రోలు పావు ట్యాంకుకు మించి లేకుండా చూసుకోండి. నిండు ట్యాంకు దించాలంటే ముందు తోడటానికే సగం రోజు పోతుంది. తొట్టిలో సామాను ఖాళీ చేసి తెండి, సీటు వెనక పెట్టుకున్నవి కూడా. మంగళవారం నుంచి శనివారం దాకా పొద్దున 7 గంటలకే షెడ్డు తీస్తున్నాం. దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు రోజు సాయంత్రమే వదిలి వెళ్లినా సరే, లోపల పెట్టి తాళం వేస్తాను. 1969 బండి కొత్త గొట్టంతో నిన్న సాయంత్రం వెళ్లింది. తాళాలు ఇచ్చే ముందు నేనే ఐ-30 హైవే మీద రెండుసార్లు తిప్పి చూశాను.