సొరబుర్ర విప్పేశాను, పాపా

చంద్రగిరి దగ్గర మన తోపు,
ఆదివారం సాయంత్రం

పాపా,

నిన్న పొద్దున తేలడానికి నడుముకు కట్టుకునే ఎండు సొరబుర్ర విప్పేసి, మన గుంటలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదాను. యాభై రెండేళ్ళ మీ అమ్మే! ఫోన్లో చెప్తే రెండు నిమిషాల్లో అయిపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

మా ఊళ్ళో కపిల బావి ఉండేది. ఎండాకాలం సెలవులొస్తే మగపిల్లలంతా గట్టు మీద నుంచి దబీమని దూకేవాళ్ళు. మా నాయన మా అన్నకు ఎండు సొరబుర్రలు కట్టి ఈత నేర్పించాడు. నేను గట్టు మీద కూర్చుని వాళ్ళ చొక్కాలకు కాపలా. నన్నెవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఆ ఊసే ఎవరికీ తట్టలేదు.

నువ్వు వియన్నా నుంచి ఆ ఫోటోలు పంపి, ఆస్ట్రియాలో 1980ల నుంచీ ఇళ్ళ తోటల్లో క్లోరిన్ వెయ్యకుండా మొక్కలతోనే నీళ్ళు తేటగా ఉంచే ఇలాంటి ఈత గుంటలు కట్టుకుంటున్నారని చెప్పినప్పుడు, నిజం చెప్తున్నా, నాకు దోమలే గుర్తొచ్చాయి. క్లోరిన్ లేకుండా నీళ్ళు నిలవేస్తే డెంగీ రాదా అని మీ నాయనతో వారం రోజులు పోట్లాడాను. ఆయన వింటేనా! నలభై అడుగుల పొడవు, పాతికడుగుల వెడల్పు తవ్వించి, రబ్బరు షీటు పరిపించారు. సగం మనం ఈదడానికి, సగం మొక్కలకి. మొక్కల వైపు మట్టి వెయ్యలేదు, ఉత్త కంకరే. అందులో జమ్ము, వస, మెట్టతామర, కలువ నాటారు. చిన్న మోటారు నీళ్ళను ఆ కంకర గుండా తిప్పుతూ ఉంటుంది. రాళ్ళకూ వేళ్ళకూ పట్టుకుని ఉండే సూక్ష్మజీవులు మురికిని విరగ్గొడితే, మొక్కలు దాన్ని తిని పెరుగుతాయి. పాచికి తిండి మిగలదు. ఇంతే దాని కిటుకు.

పోయిన ఎండాకాలం నీళ్ళు పచ్చగా తిరిగాయని నీకు చెప్పలేదు, టెన్షన్ పడతావని. మీ నాయన ముచ్చటపడి చెరువు నుంచి నాలుగు బొచ్చె చేపలు తెచ్చి వదిలి, రోజూ బొరుగులు వేశారు. మిగిలిన బొరుగులు కుళ్ళడం, చేపల మలం, పైగా రాలిన మామిడాకులు, అన్నీ కలిసి పాచికి విందుభోజనం అయింది. చేపల్ని మళ్ళీ చెరువులో వదిలేసి, రోజూ వలతో ఆకులు తీస్తూ పోతే తేటపడడానికి రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి జాగ్రత్తగా ఉన్నాం. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టేటప్పుడు గుంట పక్క రెండు వరసలు వదిలేశాం. ఆ చెట్లకు కాపు తగ్గింది. తగ్గితే తగ్గనీ.

దోమల సంగతి అడుగుతావేమో. జమ్ము కాడ మీద ఒక పొట్టు అతుక్కుని ఉంటే గిల్లి చూశాను. తూనీగ పిల్ల విడిచిన పొట్టు! వీపు మీద చీలిక, ఆరు కాళ్ళూ కాడను కరుచుకునే ఉన్నాయి. నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ అవి దోమ పిల్లల్ని కూడా పట్టి తింటాయట. ఇప్పుడు పొద్దున లేస్తే గుంట మీద తూనీగలే తూనీగలు. ఒక నీరుకట్టె పాము కూడా అప్పుడప్పుడు వచ్చి పోతుంది. అది విషప్పాము కాదులే, దాని దారిన దాన్ని పోనిస్తున్నాం.

తలకున్న నూనె నీళ్ళకు అంటకుండా పొద్దున్నే పంపుసెట్టు కింద తలారా స్నానం చేసి, అప్పుడే గుంటలో దిగుతాను. సబ్బు వాడను. పైన జానెడు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, కాళ్ళు కిందికి చాస్తే చల్లగా తగులుతుంది. వస ఆకులకు చెయ్యి రాసుకుంటే ఒక వాసన వస్తుంది చూడు, నీకు పురిట్లో వస అరగదీసి నాకించిన రోజులే గుర్తొచ్చాయి. వెల్లకిలా తేలితే చెవుల్లోకి నీళ్ళు పోయి లోకమంతా నిశ్శబ్దం. పైన శేషాచలం కొండ ఎర్రగా కనిపిస్తుంది. ఆ క్షణంలో నా ఒంటికి బరువు లేదు పాపా. ఇన్నేళ్ళు వంటగదిలో, తోపులో మోసిన ఈ ఒళ్ళేనా ఇది అనిపించింది.

మీ నాయన ఒడ్డున నిలబడి "కాళ్ళు కొట్టు, కాళ్ళు కొట్టు" అని ఒకటే అరుపు. అవతలి మెట్టు చేతికి తగలగానే నాకు ఏడుపు వచ్చేసింది. ఆయనకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూడలేదనుకున్నారు.

ఒంటరిగా మాత్రం దిగను, భయపడకు. చుట్టూ కంచె వేయించాం, గేటుకు తాళం ఉంది. ఊళ్ళో పిల్లలు బావుల్లో పోవడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని.

ఆగస్టులో నువ్వొచ్చేసరికి తోతాపురి కోతలు అయిపోయుంటాయి, మాకూ తీరిక. నాకు ఇంకా మునగడం రాదు, నువ్వు నేర్పించాలి.

మీ అవ్వ మొదట్లో గుంట వైపు తొంగి కూడా చూడలేదు. ఇప్పుడు సాయంత్రం అయితే చాలు, చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని, పై మెట్టు మీద కూర్చుని, నీళ్ళలో కాళ్ళు ఆడిస్తూ ఉంటుంది. దీపాల వేళ దాటింది, ఎంత పిలిచినా పలకడం లేదు. వెళ్ళి లేపుకొస్తాను.

అమ్మ