వీడియో కళను ‘బాగుచేయకండి’

సంపాదకులకు నమస్కారం.

వీడియో, కొత్త మాధ్యమాల్లో పనిచేస్తున్న మహిళా కళాకారుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. నళినీ మలానీ, శిల్పా గుప్తా పేర్లు తెలుగు పత్రికలో కనబడటమే అరుదు కాబట్టి ముందు అందుకు సంతోషం. అయితే ఆ వ్యాసం వాళ్ల పనులన్నిటినీ ‘షార్ట్ ఫిల్ములు’ అనేసింది. పాత క్యాసెట్లను హెచ్‌డీలోకి మార్చి, మచ్చలూ గీతలూ తీసేసి యూట్యూబ్‌లో పెడితే అందరూ చూస్తారని సలహా కూడా ఇచ్చింది. ఇలాంటి కృతులను హాల్లో అమర్చే పని, పాత టేపుల్లోని వీడియోను కంప్యూటర్లోకి దింపే పని చేసేవాళ్లం కనుక ఆ సలహాకు అడ్డుపడక తప్పడం లేదు.

పాత దూరదర్శన్ రోజులు తెలిసినవాళ్లకు ఒక బాధ గుర్తుండే ఉంటుంది. టీవీలో బొమ్మ ఉన్నట్టుండి నిలవకుండా దొర్లిపోయేది, మధ్యలో ఒక నల్ల పట్టీ. ‘వి-హోల్డ్’ మర తిప్పితే ఆగేది. అమెరికన్ కళాకారిణి జోన్ జోనాస్ 1972లో చేసిన ‘వర్టికల్ రోల్’ సుమారు 20 నిమిషాల పాటు అలాగే దొర్లుతుంది. టీవీలో దొర్లుతున్న తన బొమ్మనే ఆమె ఇంకో కెమెరాతో పట్టి రికార్డు చేశారు. ఆ దొర్లుడుకు లయగా చెంచాతో కొడుతున్న చప్పుడు. తెర మీద ఆడమనిషి ఒంటిని తీరిగ్గా చూసే వీలు లేకుండా ఆ నల్ల పట్టీ కోసుకుంటూ పోతుంది. సంగతి తెలియని టెక్నీషియన్ చేతికి ఈ టేపు ఇస్తే ‘సిగ్నల్ జారిపోతోంది సార్’ అని బొమ్మను కదలకుండా కట్టేసి తెస్తాడు. పాపం, అతని పని అతను శ్రద్ధగానే చేశాడు. కృతి మాత్రం మిగల్లేదు.

మన దేశపు పనులకూ ఈ ముప్పు ఉంది. ముంబైలో షైనా ఆనంద్, అశోక్ సుకుమారన్‌ల ‘క్యాంప్’ బృందం 2013లో పూర్తిచేసిన ‘ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్’ 83 నిమిషాల చిత్రం. కచ్ తీరం నుంచి సరుకు పడవల మీద వెళ్లే నావికులు తమ ఫోన్లతో తీసుకున్న దృశ్యాలు అందులో ఎన్నో. గళ్లుగళ్లుగా విడిపోయే ఆ బొమ్మ చూస్తేనే అది ఏ కాలపు ఫోనో, తీసినవాడి చేయి ఎంత ఊగిందో తెలుస్తుంది. ఇప్పుడు దొరికే ఏఐ సాఫ్ట్‌వేర్లో వేసి దాన్ని ‘4కే’ చేస్తే, అక్కడ లేని ముక్కూ మొహం తెచ్చి ఆ నావికులకు అతికిస్తుంది.

మలానీ 2012లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన డాక్యుమెంటా అనే పెద్ద కళా ప్రదర్శనలో పెట్టిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ వ్యానిష్డ్ బ్లడ్’ అసలు ఫైలుగా దాచడానికి కుదిరేదే కాదు. ఆరు వీడియోలు, తిరుగుతూ ఉండే ఐదు పారదర్శకమైన మైలార్ (పల్చటి ప్లాస్టిక్) సిలిండర్లు. సిలిండర్ల మీద బొమ్మలు వెనక వైపు నుంచి వేసినవి, తంజావూరు గాజు చిత్రాల్లో లాగా: కంటిపాప, గీతలు ముందు, వెనక రంగు ఆఖర్న. ప్రొజెక్టర్ వెలుగు వాటిలోంచి దూరి, వీడియోతోపాటు ఆ బొమ్మల నీడలనూ గోడ మీద తిప్పుతుంది. తోలుబొమ్మలాట ఎరిగిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. హాలు నీటుగా కనిపించాలని ప్రొజెక్టర్‌ను సీలింగుకు ఎక్కించి వంకరపోయిన బొమ్మను కీస్టోన్ సెట్టింగుతో సరిచేశారనుకోండి, వీడియో గోడ మీద చక్కగానే పడుతుంది, వెలుగు మాత్రం సిలిండర్లకు తగలకుండా పైనుంచి వెళ్లిపోతుంది. నీడలుండవు.

శిల్పా గుప్తా 2017-18లో చేసిన ‘ఫర్, ఇన్ యువర్ టంగ్, ఐ కెనాట్ ఫిట్’ది ఇంకో రకం చిక్కు. జైలుపాలైన 100 మంది కవుల పద్యాల కాగితాలు ఇనుప మేకులకు గుచ్చి ఉంటాయి. వాటి పైన 100 మైకులు వేలాడతాయి. అవి వినవు, మాట్లాడతాయి. లోపల వైరింగు తిరగేసి మైకునే స్పీకరు చేశారామె. ఒక మైకు చరణం అందుకుంటే మిగతావి వంత పాడతాయి. ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటూ వచ్చే సౌండ్ ఆపరేటరుకు ఆ సంగతి ముందే కాగితం మీద రాసివ్వాలి. లేకపోతే అవి పాడైపోయాయని తీసి కొత్తవి బిగిస్తాడు.

టేపుల విషయం కాస్త వివరంగా రాస్తాం, ఎందుకంటే వాయిదా వేస్తే దక్కని పని అదొక్కటే. 1995 నుంచి 2010 దాకా హై8, మినీ డీవీ అనే చిన్న వీడియో కెమెరా టేపుల మీద పనిచేసిన కళాకారిణులు ఆ టేపులను ఇప్పుడైనా అటక మీద నుంచి దించాలి. మినీ డీవీలో ఉన్నది అప్పటికే డిజిటల్ డేటా. దాన్ని దేనిలోకీ మార్చనక్కర్లేదు, ఉన్నదున్నట్టు కాపీ చేయాలి. అందుకు ఆ టేపు నడిపే క్యామ్‌కార్డరూ (చేతి వీడియో కెమెరా), డిజిటల్ డేటాను నేరుగా పంపే ఫైర్‌వైర్ కేబులూ, ఆ కేబులు తగిలే కంప్యూటరూ కావాలి. షాపుల్లో చాలామంది పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్ పెట్టి లాగేస్తారు. అప్పుడు డిజిటల్ బొమ్మ అనలాగ్‌గా మారి మళ్లీ డిజిటల్ అవుతుంది. రంగులు పాకుతాయి, షూట్ చేసిన తేదీ, సమయం ఊడిపోతాయి. క్యామ్‌కార్డరుకు యూఎస్‌బీ ఉంది కదా అనుకోవద్దు, చాలా మోడళ్లలో అది ఫొటోలకే. గంట టేపుకు సుమారు 13 జీబీ రావాలి. 1 జీబీ ఎంపీ4 చేతిలో పెడితే అది చూసుకోవడానికే, దాచుకోవడానికి కాదు.

బొమ్మలో చదరపు మచ్చలు కనబడగానే టేపు పోయిందని పారేయకండి. క్యామ్‌కార్డర్ హెడ్ (టేపును చదివే భాగం) మీద దుమ్ము ఉండొచ్చు. క్లీనింగ్ క్యాసెట్ కొద్ది సెకన్లు నడిపి మళ్లీ లాగాలి. ఎక్కువసేపు నడిపితే అదే హెడ్‌ను అరగదీస్తుంది. ‘డీవీరెస్క్యూ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ ఫ్రేముకు దెబ్బ తగిలిందో చూపిస్తుంది, రెండుమూడు సార్లు లాగిన కాపీల్లోంచి మంచి ఫ్రేములు ఏరి ఒకటి చేస్తుంది. ఎల్‌పీ మోడ్‌లో (ఎక్కువసేపు వచ్చేలా టేపును నెమ్మదిగా నడిపి) తీసిన టేపు ఇంకో మెషిన్లో తరచూ మొరాయిస్తుంది. తీసిన క్యామ్‌కార్డరే దొరికితే అంతకన్నా అదృష్టం లేదు.

హై8, వీహెచ్‌ఎస్ అనలాగ్ టేపులు. వాటికి ఎస్-వీడియో పిన్ను ఉన్న ప్లేయరూ, మధ్యలో సిగ్నల్ వేళ తప్పకుండా సరిచేసే టైమ్ బేస్ కరెక్టరూ కావాలి. కరెక్టర్ లేకుండా లాగితే నిటారుగా ఉండాల్సిన తలుపు అంచు వంకర్లు పోతుంది, మధ్యమధ్య ఫ్రేములు జారిపోతాయి. కానీ కళాకారిణి కావాలని వణికించిన బొమ్మను కూడా ఆ పరికరం కొంత సర్దేస్తుంది, అందుకే మొదలుపెట్టే ముందు ఆమెను అడగాలి. 10-బిట్ అన్‌కంప్రెస్డ్ (ఏమీ కుదించని) ఫైలు గంటకు దాదాపు 100 జీబీ తింటుంది. ఎఫ్‌ఎఫ్‌వీ1 కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) వాడితే నాణ్యత ఏమీ పోకుండానే అది సగానికీ, ఇంకా తక్కువకీ దిగుతుంది. చుట్ట అంచున తెల్లటి బూజు కనిపించిన టేపును మాత్రం ప్లేయరులో పెట్టకండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఇది మామూలే. బూజు హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి టేపుకూ పాకుతుంది. దాన్ని సిలికా జెల్ పొట్లాలతో విడిగా కవర్లో మూసి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వాలి. 2016లో ఫునాయ్ ఆపేశాక వీసీఆర్‌లు తయారుచేసే పెద్ద కంపెనీ లేదు. హెడ్ పాడైతే విడిభాగం ఇంకో పాత మెషిన్ విప్పి తీయాల్సిందే.

కాపీ చేశాక జరిగే తప్పు ఇంకోటుంది. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు సగాలు, మొత్తం 50 ఫీల్డులు. కదిలే చేతి అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపించగానే ఎడిటర్లు డీఇంటర్లేస్ (ఆ గీతలు తీసేసే ఆదేశం) కొట్టి సగం ఫీల్డులు పారేస్తారు. నడక కుదుపుగా మారుతుంది. మాస్టర్‌ను (అసలు కాపీని) ముట్టుకోకుండా ఉంచి, ప్రదర్శన కాపీని మాత్రం సెకనుకు 50 ఫ్రేములుగా చేయించాలి.

ఇక గ్యాలరీలు. మామూలుగా జరిగేది పెన్ డ్రైవ్ తెచ్చి టీవీకి గుచ్చడం. 4:3లో (పాత టీవీ కొలతలో) తీసిన పని వెడల్పు టీవీలో మూడో వంతు సాగిపోతుంది. మనిషి మొహం అప్పడంలా ఉన్నా ఎవరూ రిమోట్ తీయరు. రంగులు పెంచే వివిడ్ మోడ్, లేని ఫ్రేములు కలిపే మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. నాలుగు గంటలు ముట్టుకోకపోతే టీవీ దానంతటది నిద్రపోయే సెట్టింగు కూడా. లూపు తిరిగినప్పుడల్లా తెర మీద ఫైలు పేరు మెరుస్తుంటే పెన్ డ్రైవ్ మానేసి మీడియా ప్లేయర్ పెట్టాలి. రెండు తెరల పనికి ఇద్దరు మనుషులు ‘వన్, టూ, త్రీ’ అని రెండు రిమోట్లు నొక్కితే సాయంత్రానికి బొమ్మలు తేడా పడతాయి. నెట్‌వర్క్ సింక్ ఉన్న ప్లేయర్లు తీసుకోవాలి, లేదా రెండు బొమ్మలనూ ఒకే వెడల్పాటి ఫైలుగా చేసి రెండు ప్రొజెక్టర్లకు పంచాలి. కరెంటు పోయి వస్తే ప్లేయర్ తనే మొదలవుతుంది, టీవీ మాత్రం ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది. కరెంటు రాగానే టీవీ తనే వెలిగే సెట్టింగు పెట్టి, ప్రారంభోత్సవానికి ముందు రోజే మెయిన్ స్విచ్ తీసి వేసి చూసుకోవాలి.

కృతి కొనేవాళ్లు, ప్రదర్శించేవాళ్లు కళాకారిణి సంతకంతో ఒక కాగితం అడిగి తీసుకోవాలని మా విన్నపం. గది ఎంత చీకటిగా ఉండాలి, గోడ రంగేమిటి, బొమ్మ కనీసం ఎంత, గరిష్ఠం ఎంత, శబ్దం స్పీకర్లోనా హెడ్‌ఫోన్లోనా, పాత డబ్బా టీవీ పాడైతే ఫ్లాట్ టీవీ పెట్టొచ్చా, ఏ లోపం కావాలని ఉంచింది, ఏది నిజంగా లోపం. ఆఖరి రెండు ప్రశ్నలకు ఆమె బతికుండగానే జవాబు రాయించుకోవాలి. మాస్టర్ ఫైలుకు చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే అంకె) తీసి, ఆ అంకె కూడా అదే కాగితం మీద వేయాలి. రెండు హార్డ్ డిస్కులు రెండు చోట్ల ఉంచి, ఏడాదికోసారి ఆ అంకెతో సరిచూడాలి. దింపిన తర్వాత కూడా టేపులను పారేయొద్దు.

అన్నట్టు, మీ వ్యాసం పక్కన వేసిన వీడియో దృశ్యం 4:3ది. పేజీకి సరిపోయేందుకు పక్కలకు లాగారు. ఆన్‌లైన్ సంచికలోనైనా మార్చగలరు.

ఇట్లు,
వీడియో ప్రదర్శనలు అమర్చే, టేపులు దింపే కొందరు
హైదరాబాద్