అప్పును సాయమనకండి

సంపాదకులకు నమస్కారం.

కర్బన ఉద్గారాలు తగ్గించుకోవడానికి, వాతావరణ మార్పును తట్టుకోవడానికి వర్ధమాన దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో మాట ఇచ్చాయి. ఆ మొత్తం తొలిసారి సమకూరింది 2022లో. అందులోనూ సింహభాగం అప్పులే! అజర్‌బైజాన్ రాజధాని బాకూలో 2024లో జరిగిన వాతావరణ సదస్సులో, 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లన్నారు. చాలదని భారత్ అక్కడే అభ్యంతరం చెప్పింది, సరిగ్గా చెప్పింది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరిలో మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. బియ్యం డబ్బా తేలుతూ వంటింటి గుమ్మం దాటింది. గోడ మీద ఆ నీటి చార ఇంకా చెరగలేదు. శతాబ్దాలుగా బొగ్గు కాల్చి సంపన్నులైనవారు మనకు వడ్డీకిచ్చి దాన్ని సాయమనడం అన్యాయం. సౌర విద్యుత్తుకైనా, విద్యుత్ బస్సులకైనా తిరిగి చెల్లించనక్కరలేని నిధులే కావాలి. ఈ విషయంలో మన ప్రభుత్వం పట్టు సడలించకూడదు.

– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై