బిళ్ళగన్నేరు ఆకులు నమలడం ప్రమాదం

షుగర్ తగ్గుతుందని బిళ్ళగన్నేరు ఆకులు పచ్చిగా నమిలే అలవాటును వెంటనే ఆపించాలి. నేను ఉదయం నడకకు వెళ్ళే పార్కులో ఆ మొక్కలకు లేత ఆకు మిగలడం లేదు. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఈ ఆకుల్లో ఉంటాయి. వాటిలో కాథరాంథిన్ ఆకు పైపొర మీద, విండోలిన్ లోపలి కణాల్లో చేరతాయి. ఆ రెండూ కలిసి ఏర్పడేదే కేన్సర్ మందు విన్‌బ్లాస్టిన్. ఆకు వయసును బట్టి పాళ్ళు మారుతుంటే గుప్పెడు ఆకుల్లో మోతాదెంతో ఎవరు చెప్పగలరు? 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆకుల రసాన్ని మధుమేహం కోసమే పరీక్షిస్తే, ఎలుకల్లో రోగాలతో పోరాడే తెల్లరక్తకణాలు పడిపోయాయి. పార్కుల్లో, నర్సరీల్లో ఈ మొక్కల దగ్గర ‘తినరాదు’ అని తెలుగులో బోర్డు పెట్టాలి. షుగర్ పరీక్షకు వచ్చినవారిని ఈ ఆకులు తింటున్నారా అని ఆశా కార్యకర్తలు తప్పకుండా అడగాలి.

– వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు, తెనాలి